నేను చెరిపేసిన అభిప్రాయాలు

కోడలు ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన కోటు కూడా విప్పకుండా వంటింటి బల్ల మీద ఒక పుస్తకం పెట్టింది. పెట్టి, నా మొహం చూడకుండా అడిగింది.

"అత్తయ్యా, ఇందులో పెన్సిలుతో రాసింది మీరేనా?"

పుస్తకం తెరవక్కర్లేదు. అట్ట మీద గుర్రమెక్కిన రాజకుమారి, ఆమె వెనక నిప్పులు కక్కే పాము. పోయిన నెల నేను చదివి ఇచ్చేసిందే.

"నేనే," అన్నాను. "ఏం?"

"ఏం అంటారేంటండీ! అది లైబ్రరీ పుస్తకం!"

"లైబ్రరీ పుస్తకమని నాకూ తెలుసు. మన పుస్తకమైతే ఎందుకు రాస్తాను? మన తర్వాత చదివేవాళ్ళ కోసమేగా రాసేది."

కోడలు కుర్చీలో కూలబడింది. ఆస్పత్రిలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి. చెయ్యి నుదుటికి ఆనించుకుంది. ఆ తర్వాత చెప్పింది. లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఫోన్ చేసి రమ్మందట. ఈ పుస్తకం తెరిచి చూపించిందట. ప్రతి పేజీ అంచునా రాత. ఇది ఒక్కటే కాదు, అరలో ఉన్న తెలుగు పుస్తకాలన్నిట్లోనూ అంతే. రాసి ఉన్న పుస్తకాలు జనానికి ఇవ్వకూడదట. రెండు వారాల్లో శుభ్రం చేసి తెస్తే సరే, లేకపోతే ఆ తెలుగు అర ఎత్తేసి ఇంకో భాష వాళ్ళకి ఇస్తామందట.

ఇక్కడివాళ్ళు దేనికైనా 'గ్రాండ్' అంటారు. వానకీ గ్రాండే, చలికీ గ్రాండే, కాలు విరిగి కట్టుతో కూర్చున్నవాణ్ణి పలకరించినా గ్రాండ్ అనే అంటాడు. ఆ రోజు మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదట. కోడలికి భయం వేసింది అందుకే.

"ఇంకో మాట కూడా అందత్తయ్యా. అసలు ఆ పుస్తకాలు తీసుకెళ్ళేది రెండు కార్డుల మీదేనట. ఒకటి నాది."

"రెండోది ఎవరిది?"

"చెప్పరు. అలా చెప్పకూడదట."

మేముండేది ఐర్లండ్‌లో, ఎన్నిస్ అనే ఊళ్ళో. మా అబ్బాయి షానన్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, గుండెలోకి పంపే సన్నటి గొట్టాలు చేస్తారు అక్కడ. మనవరాలు బడికి పోతుంది. నా తెలుగు దానికి అర్థమవుతుంది, దాని ఇంగ్లీషు నాకు అర్థం కాదు. పొద్దున్నే ముగ్గురూ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది నేనూ, ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు చేసే చప్పుడూ. ఫోన్లో చదువుదామంటే కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. నేను చదివింది ఐదో తరగతి. కాగితం మీద అచ్చయిన తెలుగు తప్ప మరేదీ చదవడం నాకు రాదు. ఆ ఒక్క అర పోతే నాకు పోయేదేమిటో కోడలికి తెలుసు, నాకూ తెలుసు.

ఆ అర సంపాదించింది కోడలే. ఎన్నిస్, షానన్, లిమరిక్‌లలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళకి తిరిగి, సూట్‌కేసుల్లో వచ్చి మంచాల కింద పడున్న నవలల్ని అడిగి తెచ్చింది. లైబ్రరీ వాళ్ళకి ఉత్తరాలు రాసింది, ఒకటికి నాలుగుసార్లు వెళ్ళింది. చివరికి వాళ్ళు వాటికి ప్లాస్టిక్ అట్టలు తొడిగి, గీతల చీటీలు అంటించి, కిటికీ పక్కన ఒక అర ఇచ్చారు. ఇరవై మూడు పుస్తకాలు. ఈ మధ్య వచ్చిన నవలలే అన్నీ. సగం ప్రేమ కథలు, సగం మంత్రాలూ రాజ్యాలూ. ఇచ్చినవాళ్ళు వయసులో ఉన్న ఆడపిల్లలు కాబట్టి వాళ్ళు చదివేవే వచ్చాయి. నాకు ఇంకేదైనా ఉంటే బాగుండేదేమో గానీ, ఉన్నవి అవి.

నేను తప్పు చేశానని ఆ క్షణం దాకా నాకు తోచలేదు. మా ఊళ్ళో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అక్కడి నవలల్లో అంచులు ఖాళీగా ఉన్నది నేను చూడలేదు. 'ఇక్కడ జాగ్రత్త, ఏడుపొస్తుంది.' 'ఈ మామగారు అచ్చం మా మామగారే.' 'హీరో తల్లి మాట నమ్మకండి.' ఒకరు రాస్తే కింద ఇంకొకరు జవాబు. కొట్టు ఆయన ఏమీ అనేవాడు కాదు. రాత ఎక్కువ ఉన్న పుస్తకమే ముందు అద్దెకి పోయేది. మగవాళ్ళు టీ కొట్టు దగ్గర కూర్చుని రాజకీయాలు మాట్లాడుకున్నట్టు మేం ఆ అంచుల్లో మాట్లాడుకునేవాళ్ళం. పుస్తకం తిరిగి ఇచ్చేముందు నాలుగు ముక్కలు రాయకపోతే చదివి ఊరుకున్న స్వార్థపరురాలి కింద లెక్క. పైగా నేను పెన్సిలే వాడతాను. పెన్ను వాడితే కాగితం పాడవుతుందని తెలుసు.

"అయితే చెరిపేస్తాను," అన్నాను.

"ఇరవై మూడు పుస్తకాలా?"

"రాసింది ఇరవై మూడింట్లో అయితే చెరిపేదీ ఇరవై మూడింట్లోనే."

మర్నాడు అబ్బాయి కారులో వెళ్ళి మిగతావన్నీ తెచ్చాడు. కొత్త రబ్బరు కొంటానన్నాడు. వద్దన్నాను. మనవరాలి డబ్బాలో అరిగిపోయినవి మూడు ఉన్నాయి, అవి చాలు.

అందరూ వెళ్ళాక కంచాలు కడిగి, బల్ల మీద పాత దుప్పటి పరిచి మొదలుపెట్టేదాన్ని. నాది పలక మీద నేర్చిన రాత. గట్టిగా నొక్కి రాస్తాను. చెరిపితే నలుపు పోతుంది గానీ కాగితం మీద గాడి ఉండిపోతుంది. రెండో పుస్తకానికే భుజం పట్టేసింది. చెరపాలంటే చూడాలి, చూస్తే చదవక తప్పదు. అలా నా అభిప్రాయాలన్నీ నేనే మళ్ళీ చదువుకున్నాను. ఒక్కటి కూడా మార్చుకోవాలనిపించలేదు. అదే ఇంకా అలసట.

మొదట పెద్ద కంపెనీ యజమాని నవల. ఇలాంటివి అరలో ఐదున్నాయి, అట్టలు మార్చితే ఏది ఏదో పోల్చలేం. కుర్రాడికి ముప్పై నిండలేదు, ఇరవై అంతస్తుల మేడ. నాలుగు వందల పేజీల్లో ఒక్కరోజు ఆఫీసులో పని చేయలేదు. 'ఈ కంపెనీ ఎవరు నడుపుతున్నారు?' అని రాశాను మొదటి అధ్యాయంలోనే. ఆ పిల్లని ఏడాది ఒప్పందం మీద పెళ్ళి చేసుకుంటాడు. కోపమొస్తే చెయ్యి పట్టుకుని గోడకి నొక్కుతాడు. ఆ పిల్ల గుండె ఝల్లుమంటుంది. రచయిత్రి అది ప్రేమంది. దాని పక్కన నేను రాసింది ఇది: 'ఇది ప్రేమ కాదు. గార్డులకి ఫోన్ చెయ్యాలి.' ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు.

అది చెరపబోతుంటే కింద ఇంకో రాత కనబడింది. సన్నటి పెన్సిలు, వంకర అక్షరాలు.

'నిజమే అక్కా. మస్తు నవ్విన.'

చేతిలో రబ్బరు అలాగే ఆగింది. అది కోడలి రాత కాదు. కోడలికి పుస్తకం విప్పే తీరికే లేదు. పైగా మా ఇళ్ళల్లో ఎవరూ 'మస్తు' అనరు. అయితే ఇది రెండో కార్డు. ఎవరో తెలంగాణ పిల్ల. పైగా నన్ను అక్కా అంటోంది.

ఆ రోజు నుంచి నా రాత కింద ఆ పిల్ల రాత వెతుక్కుంటూ చెరిపాను. దాదాపు అన్నిట్లోనూ ఉంది. ఇన్నాళ్ళూ నేను పుస్తకం ఇచ్చేశాక ఆ పిల్ల తీసుకెళ్ళి జవాబు రాస్తోంది. ఒకసారి చదివింది నేను మళ్ళీ తీసుకోను కాబట్టి నాకు తెలియలేదు.

ఇంకో ప్రేమ కథలో హీరోయిన్ అపార్థం చేసుకుని పుట్టింటికి పోతుంది. అక్కడ మంచం మీద పడుకుని ఏడుస్తుంది. తిండి లేదు, స్నానం లేదు. కళ్ళు తిరిగి పడిపోతే అది విరహమట. 'ఈ పిల్ల మూడు రోజులుగా ఏమీ తినలేదు. అందుకే కళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ ఏం చేస్తోంది?' అని రాశాను. దానికి ముందు పేజీలో ఒక హెచ్చరిక కూడా: 'ఇక్కణ్ణుంచి నలభై పేజీలు తిప్పెయ్యండి. ఏడుపు తప్ప ఏమీ లేదు.' దాని కింద ఆ పిల్ల: 'నేను తిప్పలే అక్కా. నాకు గూడ ఏడ్వాలనే ఉండె ఆ దినం. మంచిగైంది.'

దాన్ని చెరపడానికి నాకు కొంత సేపు పట్టింది.

ఈ నవలలు మొదట ఫోన్లో రోజుకో ముక్క చొప్పున వస్తాయట, చదివేవాళ్ళు ఎక్కువైతే తర్వాత అచ్చేస్తారట. కోడలు చెప్పింది. అప్పుడర్థమైంది, ప్రతి పదో పేజీకి ఎవరో ఒకరు స్పృహ తప్పడం, తలుపు తట్టడం, 'నువ్వా!' అనడం ఎందుకో. రేపటికి మనిషిని రప్పించాలి కదా. అచ్చేసేటప్పుడైనా ఆ 'నువ్వా'లు తీసేయొచ్చు. తీసేస్తే పుస్తకం సగమవుతుంది. కాగితం మిగులుతుంది.

మంత్రాల కథలు ఇంకో రకం అలసట. ఏదో ఒక పల్లెటూరి కుర్రాడికి భుజం మీద మచ్చ ఉంటుంది. మూడు లోకాలకీ వాడే దిక్కు. భూమి కింద నాగుల రాజ్యం, అక్కడ బంగారు గోడలు, వజ్రాల మెట్లు. 'ఈ రాజ్యంలో వరి ఎవరు నాటుతున్నారు? సూర్యుడు లేడుగా?' అని రాశాను. అందరూ యుద్ధానికే పోతారు. గాయాలకి కట్లు కట్టేవాళ్ళూ, గిన్నెలు తోమేవాళ్ళూ ఆ లోకంలో కనబడరు. గుర్రాలు మేత మెయ్యవు. నిప్పులు కక్కే పాము నవల్లో, చచ్చిపోయినవాళ్ళని లేపే మంత్రం ఒకటుంది. ముప్పయ్యో పేజీలో అది పౌర్ణమి నాడు తప్ప పనిచేయదన్నాడు. రెండు వందల పదో పేజీలో అమావాస్య నాడు పనిచేసింది. 'రాసినాయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.' ఆ పిల్ల జవాబు: 'పేజీ నంబర్తోని పట్టుకుంటివి గదా! నువ్వు పోలీసోళ్ళ ఇంటి పిల్లవా అక్కా?'

ఆ నవలకి చివర లేదు. ఐదు వందల పేజీలు నడిచి, కుర్రాడు కత్తి దూసేసరికి 'మిగతాది రెండో భాగంలో' అని ఉంది. ఆ రెండో భాగం అరలో లేదు. సగం ఉడికిన అన్నం కంచంలో పెట్టి మిగతాది వచ్చే ఏడాది వండుతానన్నట్టుంది అని రాశాను. ఇప్పుడూ అదే అంటాను.

కోడలు ఒక సాయంత్రం బల్ల మీద రబ్బరు పొట్టు చూసి అడిగింది.

"అత్తయ్యా, ఒకటీ నచ్చనప్పుడు అన్నీ చివరిదాకా ఎందుకు చదివారు?"

"కంచంలో పెట్టింది వదిలెయ్యడం నాకు రాదమ్మా."

"పుస్తకం కంచం కాదు కదా?"

"నీకు కాదు."

మూడు జన్మల ప్రేమ కథ కూడా ఉంది. మొదటి జన్మలో రాజు, నాట్యకత్తె. రెండో జన్మలో తెల్లదొరల కాలం. మూడో జన్మలో ఇద్దరిదీ కంప్యూటర్ ఉద్యోగం. ప్రతి జన్మలోనూ ఎవరో చెప్పుడు మాటలు చెబుతారు, వీళ్ళు నమ్ముతారు, విడిపోతారు. 'మూడు జన్మలెత్తినా ఇద్దరికీ మాట్లాడుకోవడం రాలేదు. మొదటి జన్మలోనే ఒకచోట కూర్చుని అడిగేసుంటే పన్నెండు పేజీల్లో అయిపోయేది.' దీనికి ఆ పిల్ల పెద్ద జవాబే రాసింది, అంచు చాలక పేజీ చుట్టూ తిప్పి: 'అక్కా మా ఆయన ఆడ, నేను ఈడ. దినాం ఫోన్ చేసుకుంటం. తిన్నవా అంటె తిన్న అంటడు. ఇంకేంది అంటె ఇంకేంలేదు అంటడు. మాకు గూడ మూడు జన్మలు వట్టేటట్టే ఉన్నది.'

ఆ పేజీ నాలుగు వైపులా తిప్పి తిప్పి చెరిపాను. ఒక మూల కాగితం పొర లేచింది. దానికి నేను జవాబు రాయలేను. రాయకూడదని నన్ను ఇప్పుడే కదా అన్నారు.

నా పెళ్ళప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆయన నాతో అన్న మొదటి మాట, పప్పులో ఉప్పు తక్కువైందని. ఈ నవలల్లో ఉన్నవేవీ మా ఇంట్లో జరగలేదు. అద్దె కొట్టుకి నేను వెళ్ళేదాన్ని కాదు, ఆడవాళ్ళు వెళ్ళి నిలబడే చోటు కాదది. బియ్యం మిల్లు నుంచి వస్తూ ఆయనే తెచ్చేవాడు. ఏది చదివానో ఏది చదవలేదో ఆయనకి తెలియదు. అన్నిట్లోకీ లావుగా ఉన్నది ఇమ్మని అడిగేవాడట. ఎక్కువ రోజులు వస్తుందని. చదివిందే మళ్ళీ తెచ్చినా నేను చెప్పేదాన్ని కాదు. దాన్ని ప్రేమ అంటారో లేదో ఈ రచయిత్రుల్ని అడగాలి. వాళ్ళ పుస్తకాల్లో అయితే ఆయన నాలుగో పేజీలోనే పోయేవాడు.

ఇరవై మూడింట్లో ఒక పుస్తకం వేరు. సన్నటిది, అట్ట మీద బొమ్మ కూడా లేదు. భార్య పోయిన బస్సు కండక్టరు, భర్త వదిలేసిన దర్జీ ఆవిడ. అతను చొక్కా కుట్టించుకోవడానికి వస్తాడు. కొలతలు తీసుకునేటప్పుడు ఇద్దరూ మాట్లాడరు. చొక్కాకి బొత్తాం ఊడితే మళ్ళీ వస్తాడు. అంతే, అలా వస్తూ ఉంటాడు. ఎవరూ స్పృహ తప్పరు. చివర్లో ఆవిడ తన కుట్టు మెషీన్ అతని ఇంట్లో కిటికీ దగ్గర పెట్టించుకుంటుంది. ఆ పుస్తకంలో నేను ఒక్క ముక్క రాయలేదని నాకు గుర్తుంది. అందుకే దాన్ని చివరికి ఉంచాను, పని ఉండదని.

తెరిస్తే చివరి తెల్ల పేజీ మీద నీలం పెన్నుతో ఉంది.

'అక్కా దీంట్ల ఏం రాయలేదేంది? చదవలేదా, చదివినంక నచ్చలేదా? నువ్వు రాసిన బుక్కులే ఎత్తుకపోత నేను. రాయని బుక్కు తెస్తే ఒక్కదాన్నే చదివినట్టుంటది.'

పెన్ను. నా ప్రాణం ఉసూరుమంది. రబ్బరుతో రుద్దాను. నీలం మరకై పక్కకి పాకింది. తడి గుడ్డతో అద్దాను, ఇంకా పాకింది. బ్లేడుతో గీకుదామనుకుని మానేశాను. రెండు వారాలు చేతులు నొప్పి పుట్టేలా చెరిపిన దానికి ఇది ఒక్కటీ అడ్డం పడేలా ఉంది. కానీ అప్పుడు నన్ను భయపెట్టింది మరక కాదు. ఆ పిల్ల నా రాత ఉన్న పుస్తకాలే తీసుకెళ్తుంది. ఇప్పుడు ఏ పుస్తకంలోనూ నా రాత లేదు. అన్నీ నేనే తుడిచేశాను. రెండో కార్డు ఆగిపోతే, అర శుభ్రంగా ఉండి మాత్రం ఏం లాభం?

గడువు రోజున కోడలు సెలవు పెట్టి నన్ను తీసుకెళ్ళింది. లైబ్రరీ ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నదేమో. ఒక్కో పుస్తకం తీసి, కాగితాన్ని కిటికీ వెలుతురుకి వాల్చి చూసింది. గాళ్ళు కనబడ్డాయి. ఏదో అడిగింది.

"ఇన్నిన్ని రాయడానికి ఏముంది వీటిల్లో అని అడుగుతోందత్తయ్యా."

"చెప్పు. గోడకి నొక్కే కుర్రాడి సంగతి చెప్పు."

కోడలు చెప్పింది. ఆవిడ నవ్వి, చెయ్యి ఊపుతూ ఏదో అంది. ఇంగ్లీషులో వచ్చేవీ అలాగే ఉన్నాయట, తనకీ విసుగేనట. నేను నవ్వలేదు. ఆవిడ పేజీలు తిప్పుతున్న వేళ్ళనే చూస్తున్నాను. ఇరవై రెండు పక్కన పెట్టి చివరికి 'గ్రాండ్' అంది. ఆ మాట నాకూ అర్థమైంది.

దర్జీ ఆవిడ పుస్తకం మాత్రం వెనక్కి ఇచ్చేసింది. పెన్ను రాత ఉన్నది అరలో ఉంచకూడదట. లెక్కలోంచి తీసేసి, కావాలంటే మీరే ఉంచుకోండి అంది. అరలో ఉన్న ఒక్క మంచి పుస్తకం అలా బయటికి వచ్చేసింది, పనికిరాని ఇరవై రెండూ ఉండిపోయాయి.

"వచ్చే నెల మళ్ళీ చూస్తామంటోంది," అంది కోడలు బయటికి వచ్చాక. "తీసుకెళ్ళేవాళ్ళుంటే ఉంటుందట. నా కార్డు మీద మీరు తీసుకోండి. చదివినవైనా సరే."

"చదివినవి తెచ్చి ఏం చేసుకోను? రెండో కార్డు కావాలి."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం అవగానే లైబ్రరీకి నడిచి వెళ్ళాను. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు, నా కాళ్ళకి ముప్పై. తెలుగు అర ఎదురుగా ఒక కుర్చీ ఉంది. దాంట్లో కూర్చుని, దర్జీ ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుని ఎదురు చూశాను. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు ఒక పెద్దాయన వచ్చి ఆ అర ముందు నిలబడి అక్షరాలు చూసి, నావైపు చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. గొడుగుల నీళ్ళు నేల మీద పారుతున్నాయి. నా మోకాళ్ళు ఒకటే పోటు. ఇంట్లో ఉంటే బట్టలు మడతలు పెట్టుకునేదాన్ని, ఇక్కడ ఊరికే కూర్చున్నాను అనిపించింది. ఎవరి కోసమైనా ఇలా కూర్చోవడం నాకు అలవాటు లేదు.

మూడో రోజు మూడింటప్పుడు ఒకమ్మాయి వచ్చింది. కోటు కింద ముదురు నీలం పని చొక్కా, రొమ్ము మీద పిన్నుతో తగిలించుకున్న గడియారం. ముసలివాళ్ళ హోముల్లో చేసేవాళ్ళు అలా ఉంటారు. వచ్చీ రాగానే నిప్పుల పాము పుస్తకం తీసి, వెనక నుంచి ముందుకి తిప్పింది. పెట్టేసింది. ఇంకోటి తీసింది, తిప్పింది, పెట్టేసింది. అలా ఐదారు. ఆఖర్న దర్జీ ఆవిడ పుస్తకం ఉండే చోట వేలు పెట్టి, అది లేకపోయేసరికి ఆగింది. తర్వాత సంచీ జిప్పు లాక్కుంది.

"అమ్మాయ్," అన్నాను.

ఉలిక్కిపడి తిరిగింది. "తెలుగోళ్ళా ఆంటీ?"

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదాంటీ. ఊకనే చూస్తున్న."

"పెన్సిలు రాత కోసమా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేనేం రాయలేదాంటీ! ఒట్టు!"

"రాయలేదూ? మరి ఈ నీలం పెన్ను ఎవరిది?" సంచిలోంచి పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాను.

"సచ్చిన," అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "మీరు లైబ్రరోళ్ళా?"

"లైబ్రరీ వాళ్ళు నీతో తెలుగులో మాట్లాడతారా? లైబ్రరీ పుస్తకం మీద పెన్నుతో రాస్తారా ఎవరైనా? రుద్ది రుద్ది నా భుజం పడిపోయింది."

నావైపు చూసింది. నా జుట్టు వైపు, కళ్ళద్దాల వైపు, మళ్ళీ పుస్తకం వైపు.

"అంటే... గా అక్క మీరేనా? అయ్యో! నేను ముప్పై యేండ్ల పిల్ల అనుకున్న. గంత కోపంగ రాస్తిరి!"

"ముప్పై ఏళ్ళప్పుడు కోపం చూపించే తీరిక నాకు లేదు."

ఆ పిల్ల నవ్వి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. రాతలన్నీ ఎందుకు పోయాయో చెప్పాను. అర సంగతీ, రెండు కార్డుల సంగతీ చెప్పాను. తనవల్లే ఇదంతా అయిందేమోనని చేతులు నలుపుకుంది. నావల్లే అన్నాను. నాలుగు పేజీలకి ఒకచోట ఆ పిల్ల రాస్తే పేజీకి నాలుగు చోట్ల నేను రాశాను.

"అయితే ఇంక రాయరా ఆంటీ?"

"రాయకూడదు."

"మరి గీ బుక్కు?" దర్జీ ఆవిడ పుస్తకం మీద వేలు పెట్టింది. "దీంట్ల ముందుగాల గూడ రాయలే గదా. నచ్చలేదా?"

కాగితం మీదైతే ఏదో ఒకటి రాసేదాన్నేమో. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పడం వేరు.

"అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదమ్మా," అన్నాను. "అందుకని పెన్సిలు తియ్యలేదు."

"గదేంది! మంచిగుంటే మంచిగున్నదని రాయొద్దా?"

"మంచిగా ఉంటే చదువుతున్నవాళ్ళకి తెలియదా?"

"తెలుస్తది. కానీ ఇంకొకలకు గూడ తెలిసిందని నాకు తెల్వాలె గదా."

పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇది లెక్కలోది కాదు, నువ్వే ఉంచుకో, ఇష్టమొచ్చినంత రాసుకో అన్నాను. మంగళవారాలు తనకి రెండింటికే డ్యూటీ దిగుతుందట. నాకు ఏ వారమైనా ఒకటే.

"ఉత్త చేతులతోని పోతే మీ అర పోతది గదా ఆంటీ," అని లేచింది. "ఏది తీస్కపోవాలె చెప్పండ్రి."

"నీ రాత లేనివాటిల్లో ఆ ఆకుపచ్చ అట్టది తీసుకో. మామగారి పాత్ర బాగుంటుంది. నాగుల రాజ్యం మాత్రం ముట్టుకోకు, ఏమీ లేదందులో."

రెండు పుస్తకాలు తీసుకుంది. తీసుకెళ్ళే పుస్తకాలు లెక్క రాసుకునే మెషీన్‌కి కార్డు ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. మెషీన్ రెండుసార్లు కూసింది. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. రెండోది నాగుల రాజ్యమే.